నవల రాసి ఇల్లు గడపగలమా? స్టూడియో చర్చ

పాల్గొన్నవారు: ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తున్న రచయిత్రి, విజయవాడలో పుస్తకాలు వేస్తున్న ప్రచురణకర్త, వారపత్రికలో పనిచేసి పదవీ విరమణ చేసిన సంపాదకులు, కార్యక్రమ సమన్వయకర్త.

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. తెలుగులో నవలలు రాస్తూ ఇల్లు గడుపుకోవడం నేడు సాధ్యమేనా అన్నది మన ముందున్న ప్రశ్న. మేడమ్, మీతోనే మొదలుపెడదాం.

రచయిత్రి: నమస్కారమండీ. ముందు లెక్క చెబుతాను. నవల ధర 250 రూపాయలు అనుకోండి. పది శాతం రాయల్టీ ఇస్తామంటే ఒక్కో ప్రతికి నాకు వచ్చేది 25 రూపాయలు. ఇప్పుడు తొలి ముద్రణ చాలాసార్లు 500 ప్రతులకు మించడం లేదు కనుక, ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోయినా చేతికందేది 12,500 రూపాయలు. ఒక నవల పూర్తి చేయడానికి నాకు రెండేళ్లు పడుతుంది. నెలకు 520 రూపాయలన్నమాట. అందుకే బడిలో పాఠాలు చెబుతూ, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాసుకుంటున్నాను. జాలి కోసం ఈ మాట చెప్పడం లేదు. రాయాలనుకునే పిల్లలు ఈ లెక్క తెలుసుకొని ఈ పనిలోకి రావాలన్నదే నా కోరిక.

సమన్వయకర్త: ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదంటారు. సంపాదకులు గారూ, మీరు ఆ రోజులు చూసినవారు.

సంపాదకులు: చూశానండీ. 1960ల నుంచి 1980ల దాకా తెలుగు నవలను పోషించింది ప్రధానంగా వారపత్రికే. సీరియల్‌కు పత్రిక పారితోషికం ఇచ్చేది, అది ముగిశాక పుస్తకంగా మళ్లీ కొంత వచ్చేది. అయితే డబ్బు సంగతి ఒక్కటే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. సీరియల్ రచయితకు గడువు పెట్టేది, పైగా రాతను సరిదిద్దే కన్ను ఒకటి ఇచ్చేది. అరఠావు కాగితాల మీద ఒకవైపే రాసిన భాగం మంగళవారం సాయంత్రానికి నా బల్ల మీదకు రావాలి. నాలుగో వారంలో నాయికకు అన్నగా ఉన్నవాడు పదకొండో వారంలో తమ్ముడైతే, ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి రచయితకు కబురు చేసేవాణ్ణి. నేను చూడకపోతే పాఠకుల కార్డులు వచ్చిపడేవి. వారపత్రికలు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చి, 2020 కోవిడ్ కాలంలో మరికొన్ని ముద్రణ ఆపేశాక, రచయిత ఈ మూడింటినీ కలిపి పోగొట్టుకున్నారు. సీరియల్ వల్ల చెరుపు కూడా జరిగింది, కాదనను. పాఠకులు మెచ్చుకుంటున్నారని ఇరవై వారాల కథను నలభై వారాలు సాగదీయించిన పాపంలో నాకూ భాగముంది.

సమన్వయకర్త: మరి ఆ సరిదిద్దే పని ఇప్పుడు ప్రచురణ సంస్థలో జరుగుతున్నదా?

ప్రచురణకర్త: జరగవలసినంతగా జరగడం లేదని ఒప్పుకుంటాను. అక్షరదోషాలు దిద్దే ప్రూఫ్‌రీడర్ మాకు దొరుకుతారు. కథలో ఎక్కడ బిగువు సడలిందో చెప్పగలిగే ఎడిటర్‌కు నెలజీతం ఇచ్చే స్తోమత చిన్న సంస్థకు లేదు. పుస్తకం అచ్చు కాకముందే కాగితానికి, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీకి, ముఖచిత్రానికి డబ్బు కట్టాలి. అమ్మకం మొదలయ్యాక 40 శాతం దాకా దుకాణదారుల కమీషన్‌కే పోతుంది. ఆ మిగిలినది కూడా వెంటనే రాదు, ఎందుకంటే దుకాణాలు సరుకు అరువుకు తీసుకొని, అమ్ముడుపోని ప్రతులను అంచులు నలిగాక తిప్పి పంపుతాయి. మేము పదహారు పేజీలను ఒక ఫారంగా లెక్కిస్తాము. పన్నెండు ఫారాలకు 192 పేజీలు. నవల 196 పేజీలకు వచ్చిందంటే, ఆ నాలుగు పేజీల కోసం పదమూడో ఫారం వేయవలసి వస్తుంది. అప్పుడు రచయితను నాలుగు పేజీలు తగ్గించమని అడుగుతాము.

రచయిత్రి: నన్నూ అలాగే అడిగారు. మొదట బాధపడ్డాను, తరువాత కూర్చొని చూస్తే ఎనిమిది పేజీలు తీసేయవచ్చని తేలింది. నాయకుడు ఊరు చేరేదాకా బస్సు కిటికీలోంచి చూసిన చేలు, చెరువులు అన్నీ వర్ణించాను. అవన్నీ కొట్టేసి, అతను బస్సు దిగి చెప్పులు దులుపుకోవడంతో అధ్యాయం మొదలుపెట్టాను. ఆ మాట చెప్పేవాళ్లు ముందే ఉంటే ఒక ఏడాది కలిసివచ్చేది. కానీ నా అసలు బాధ వేరు. నా రెండో నవల 112వ పేజీలో ‘దీపం’ అన్నది ‘దీనం’ అని అచ్చయింది. తప్పుల పట్టిక రాసి ప్రచురణ సంస్థకు పంపాను. రెండేళ్ల తరువాత ఒక పుస్తక ప్రదర్శనలో ఆ నవల తీసి 112వ పేజీ తెరిస్తే, ‘దీపం’ అని సరిగ్గా ఉంది. లోపల మాత్రం ‘ప్రథమ ముద్రణ’ అనే ఉంది. నాకు చెప్పకుండా రెండోసారి అచ్చు వేశారని నేను పంపిన దిద్దుబాటే నాకు చెప్పింది.

సమన్వయకర్త: మీ దగ్గర ఒప్పంద పత్రం ఉందా?

రచయిత్రి: లేదండీ. నోటిమాటే. తప్పులో నా వంతు అది.

సంపాదకులు: ఇక్కడ చట్టం సంగతి గట్టిగా చెప్పుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరిగితేనే చెల్లుతుంది. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీకి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకుగా చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు దాన్ని వాడుకోకపోతే, పత్రంలో వేరే విధంగా రాసుకొని ఉంటే తప్ప, ఆ హక్కు తిరిగి రచయితకే వస్తుంది. రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ నిలిచే ఆస్తిని మనవాళ్లు టీ తాగుతూ ఒక్క మాటలో ఇచ్చేస్తున్నారు. అచ్చు హక్కు ఇచ్చినంత మాత్రాన ఆడియో, అనువాదం, సినిమా, వెబ్‌సిరీస్ హక్కులు కూడా ఇచ్చినట్టు కాదు. వాటికి విడివిడిగా రాసుకోవాలి.

ప్రచురణకర్త: అలా రాసుకుంటే మాకూ మేలే. రచయితలు పత్రం అడిగితే మమ్మల్ని అనుమానిస్తున్నారని నొచ్చుకునే అలవాటు మా వృత్తిలో ఉంది, అది పోవాలి.

సమన్వయకర్త: ఎందరో రచయితలు సొంత ఖర్చుతో అచ్చు వేసుకుంటున్నారు. అది దారి కాదా?

రచయిత్రి: హక్కులు చేతిలో ఉంటాయి, నిజమే. కానీ రాసేవాళ్లే అట్టపెట్టెలు మోసి, పార్సిళ్లు కట్టి, దుకాణాలకు ఫోన్లు చేసి బాకీలు అడగవలసివస్తుంది. నా మూడో నవల అలాగే వేశాను. ఆ ఏడాది నేను కొత్తగా రాసింది ముప్పై పేజీలు. మంచం కింద ఇంకా రెండు కట్టలు ఉన్నాయి. ఇప్పుడు రాస్తున్నదాన్ని మళ్లీ ప్రచురణ సంస్థకే ఇస్తాను, సంతకం చేసిన పత్రంతో ఇస్తాను. అందులో రెండు వాక్యాలు నేనే రాసి ఉంచుకున్నాను: ప్రతి ముద్రణకూ ముందు ఎన్ని ప్రతులు వేస్తున్నారో నాకు రాతపూర్వకంగా తెలపాలి, మార్చి, సెప్టెంబరు నెలాఖరులకు అమ్మకాల లెక్క పంపాలి.

ప్రచురణకర్త: ఆ రెండు వాక్యాల మీద నేను సంతకం పెడతానండీ. మూడోది ఒకటి నా తరఫున చేర్చండి. ఆఖరి ప్రూఫు రచయిత చూసి సంతకం చేసి ఇచ్చేదాకా ఫారం ప్రెస్సుకు ఎక్కకూడదు.