పని రెట్టింపైంది, ఖాతాలో డబ్బేదీ?

హోస్ట్: ఒక్కళ్లే కన్సల్టింగ్ చేసేవాళ్లు మమ్మల్ని తెగ అడిగే ప్రశ్న ఇదండీ. పని పెరిగేకొద్దీ చేతిలో డబ్బు ఆడట్లేదేంటని.

సీఏ: ఒక బిల్లు తీసుకుందాం. రెండు లక్షల ఫీజు, 18 శాతం జీఎస్టీ 36 వేలు. క్లయింటు ఫీజు మీద పది శాతం టీడీఎస్ (మీ ఆదాయపు పన్ను కింద ముందే కోసే మొత్తం) పట్టుకుని 2,16,000 వేస్తాడు. అందులో 36 వేలు మీవి కావు. మిగిలేది 1,80,000.

హోస్ట్: ఈ లెక్క అందరికీ తెలిసిందేగా?

సీఏ: లెక్క తెలుసు, తేదీలే చూసుకోరు. సెప్టెంబరు 30న ఇన్‌వాయిస్ వేశారు. నెలనెలా రిటర్ను వేసేవాళ్లైతే అక్టోబరు 20కల్లా ఆ 36 వేలు కట్టాలి, డబ్బు వచ్చినా రాకున్నా. క్లయింటేమో 60 రోజులంటాడు. ఈలోగా డిజైన్ పని చేసినాయనకి 70 వేలు ఇచ్చేశారు. రూపాయి రాకముందే 1,06,000 పోయింది. ఇలాంటివి మూడు ఒకేసారి నెత్తిన పడితే 3,18,000!

హోస్ట్: అదే అక్టోబరు 1న వేస్తే?

సీఏ: జీఎస్టీ నవంబరు 20కి పోతుంది. ఒక్క రోజుతో నెల కలిసొచ్చింది. కాకపోతే పని అప్పజెప్పిన 30 రోజుల్లోపు ఇన్‌వాయిస్ పడాల్సిందే.

హోస్ట్: 60 రోజులన్న క్లయింటుని కదిలించడం ఎలా?

సీఏ: ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, చేయించి ఆ నంబరు ఇన్‌వాయిస్ మీదే వేయండి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు గానీ, అడిగితే క్లయింటు మళ్లీ మొహం చూడడు. దానికన్నా ఫిబ్రవరిలో వాళ్ల అకౌంట్స్‌కి ఒక మెయిల్ పెట్టండి: గడువు దాటిన బిల్లు మార్చి 31లోగా చెల్లించకపోతే, ఆ ఖర్చు ఈ ఏడాది పన్ను లెక్కల్లో చూపుకోలేరని. దీనికి కదులుతారు.

హోస్ట్: టీడీఎస్ ఎలాగూ తిరిగొస్తుందిగా?

సీఏ: వస్తుంది, ఎప్పుడొస్తుందన్నదే బాధ. ఊహాజనిత పన్ను విధానానికి (అసలు ఖర్చులు లెక్కగట్టకుండా వసూళ్లలో కొంత భాగాన్ని ఆదాయంగా చూపే పద్ధతి) అర్హత ఉన్న టెక్నికల్ కన్సల్టెంటు ఏడాది వసూళ్లు 24 లక్షలనుకోండి. సగం ఆదాయంగా చూపితే 12 లక్షలు. 2025-26 కొత్త విధానంలో, వేరే ఆదాయం లేకపోతే, పన్ను సున్నా. కానీ 2,40,000 టీడీఎస్ రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా అక్కడే ఇరుక్కుంటుంది. టీడీఎస్ తక్కువగా కోయమని చెప్పే తక్కువ కోత సర్టిఫికెట్‌కి ఏడాది మొదట్లోనే ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది ఆ ఊసే ఎత్తరు.

హోస్ట్: అడ్వాన్స్ ఎంత అడగాలి?

సీఏ: ముందు ప్రొఫార్మా, అంటే అసలు ఇన్‌వాయిస్ కాని ముందస్తు బిల్లు, పంపండి, దానికి జీఎస్టీ పడదు. డబ్బు వచ్చాకే పడుతుంది. 30 శాతం అడిగితే టీడీఎస్, జీఎస్టీ పోను మీకు మిగిలేది 54 వేలు. డిజైనర్‌కి ఇంకో 16 వేలు మీరే వేసుకోవాలి. 40 శాతమైతే 72 వేలు. ఆయన 70 వేలు అందులోనే తీరిపోతాయి.