సీఎంఎల్: పెరిగేది తెల్లకణాలు, పాడైంది వాటి మూలకణం

సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ పేరు వినగానే చాలామంది తెల్లకణాలు పెరిగిపోయే జబ్బు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. బ్లడ్ రిపోర్ట్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేది అదే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం, కానీ సంగతి ఇంకా లోపల ఉంది.

[స్క్రీన్ మీద: 9, 22 క్రోమోజోమ్‌లు. చివరలు తెగి అటుది ఇటు, ఇటుది అటు అతుక్కుంటాయి]

9వ క్రోమోజోమ్‌లో ఏబీఎల్1 అనే జన్యువు ఉంటుంది, 22వ దాంట్లో బీసీఆర్. ఈ రెండు క్రోమోజోమ్‌లూ తెగి ముక్కలు మార్చుకుంటే ఏబీఎల్1లో చాలా భాగం వచ్చి బీసీఆర్‌కి అతుక్కుంటుంది. అలా పొట్టిగా మిగిలిన 22నే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు, 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ దాన్ని ఆ ఊళ్లోనే గుర్తించారు మరి. ఊడిన ముక్క ఏమైందో తేలింది మాత్రం 1973లో, అది 9 మీదికి చేరిందని జానెట్ రౌలీ చూపించారు.

ఏబీఎల్1 తయారుచేసేది టైరోసిన్ కైనేజ్ అనే రకం ఎంజైమ్. మామూలుగా అవసరమైనప్పుడే పనిచేస్తుంది. బీసీఆర్‌తో కలిశాక ఇక ఆగడం ఉండదు, విభజన చెందమని కణానికి సిగ్నల్ వెళ్తూనే ఉంటుంది.

మరి ఇదంతా మొదలయ్యేది ఏ కణంలో? న్యూట్రోఫిల్ అనే తెల్లకణంలో కాదు, రక్తకణాలన్నిటికీ పుట్టుకైన, ఎముక మజ్జలో ఉండే రక్త మూలకణంలో. అందుకే దాన్నుంచి పుట్టే న్యూట్రోఫిల్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, మోనోసైట్లు, ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకార్యోసైట్లు, అన్నింట్లోనూ అదే మార్పు దొరుకుతుంది. ఎర్రకణాల్లో కేంద్రకమే ఉండదు కదా అంటారేమో, నిజమే, వాటి ముందుదశ కణాల్లో చూడాలి. లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాల్లో అయితే, బి రకంలో కొంతమందికి ఉంటుంది, టి రకంలో అరుదు. ఒంట్లో మిగతా కణాల్లో ఉండదు, అంటే ఇది పుట్టుకతో వచ్చినది కాదు, పిల్లలకు పోతుందనే టెన్షన్ అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అనిపించేది బ్లాస్ట్ దశ, అంటే బ్లాస్ట్‌లు అనే ఎదగని కణాలు పెరిగిపోయే దశ. జబ్బు ముదిరి అక్కడిదాకా వెళ్తే ఎక్కువమందిలో మైలాయిడ్ బ్లాస్ట్‌లు, అంటే న్యూట్రోఫిల్స్ లాంటివి పుట్టే వైపువి పెరుగుతాయి, కానీ సుమారు మూడో వంతు మందిలో లింఫాయిడ్ బ్లాస్ట్‌లు, అంటే లింఫోసైట్లు పుట్టే వైపువి వస్తాయి. పేరులోనే మైలాయిడ్ ఉన్న జబ్బులో ఇవెక్కడివి? రెండు వైపులకూ వెళ్లగలిగే మూలకణమే పాడైతే తప్ప ఇది కుదరదు.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు ఆ కైనేజ్‌నే అడ్డుకుంటుంది, తెల్లకణాల కౌంట్ దిగుతుంది. కానీ నిద్రాణంగా ఉన్న మూలకణాలు కొన్ని మిగిలిపోవచ్చు. అందుకే కౌంట్ నార్మల్ అయ్యాక కూడా ఆ అతుక్కున్న జన్యువు ఇంకా ఎంత మిగిలిందో చూసే బీసీఆర్-ఏబీఎల్1 పీసీఆర్ టెస్ట్ చేయిస్తూనే ఉంటారు, బాగానే ఉంది కదా అని డాక్టర్‌ని అడక్కుండా మాత్రలు మానేయకండి.