లోడు కనిపించాలి: 1/35 జీఎంసీ సరుకు ట్రక్కు డిటెయిలింగ్

[తెర మీద: రెండు మోడళ్లు పక్కపక్కన. వెనక చక్రాల క్లోజప్.]

ఇవి 1/35 సైజు, అంటే అసలు బండిలో 35వ వంతు ఉండే ప్లాస్టిక్ కిట్ మోడళ్లు. రెండు ట్రక్కుల నిండా జెర్రీ క్యాన్లే, అంటే ఇంధనం నింపే రేకు డబ్బాలే. అయినా ఎడమవైపుది ఖాళీ బండిలా నిలబడింది, కుడివైపుది బరువు మోస్తున్నట్టుంది. తేడా అంతా వెనక స్ప్రింగుల్లోనే. కిట్‌లో వచ్చే స్ప్రింగులు ఖాళీ బండికి తగ్గ వంపుతో ఉంటాయి. అందుకే జిగురు ముట్టుకునేముందే బండిలో ఏం ఎక్కించాలో తేల్చుకోండి.

మనం చేస్తున్నది జీఎంసీ సీసీకేడబ్ల్యూ-353. 1941-45 మధ్య తయారైన అమెరికా సైనిక ట్రక్కు. రోడ్డు లేని నేల మీద దీని లోడు రెండున్నర అమెరికా టన్నులు, అంటే సుమారు 2,270 కిలోలు. పెట్రోలు నిండిన 5 గాలన్ల క్యాను సుమారు 18 కిలోలు తూగుతుంది. అంటే సుమారు 125 క్యాన్లు. నిలబెట్టి పేరిస్తే తొట్టి అడుగు నిండి, పైన కొన్ని మిగులుతాయి, అంతే. రెండో అంతస్తు కూడా నిండా పేర్చి బండిని బురదలో నిలబెడితే, తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

[తెర మీద: అద్దం పలక మీద ఛాసిస్.]

ఛాసిస్‌ను అద్దం పలక మీద పెట్టి అతికించండి. ఫ్రేము కాస్త మెలిపడినా చివర్లో ఒక చక్రం గాల్లో తేలుతుంది, అప్పుడు సరిచేయడం కుదరదు. లోడు బండికి వెనక స్ప్రింగు కొనలు యాక్సిల్ మీద ఆనే చోట ముప్పావు మిల్లీమీటరు అరగదీయండి. అసలు బండిలో అది 26 మిల్లీమీటర్లు. నాలుగు చోట్లా సమానంగా తీయాలి. ముందు స్ప్రింగులను ముట్టుకోకండి, బరువంతా వెనకే పడుతుంది.

వెనక ఎనిమిది, ముందు రెండు, మొత్తం పది టైర్లు. నేలకు ఆనే చోట అర మిల్లీమీటరు మించకుండా చదును చేయండి. ఎక్కువ తీస్తే పంక్చరైన బండిలా కనిపిస్తుంది. మెత్తటి వినైల్ టైర్లయితే ఎక్కించేముందు రిమ్ములకు రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే రసాయనం కాలక్రమేణా ప్లాస్టిక్ రిమ్మును కరిగించగలదు.

బ్రేకు గొట్టాలకు 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ చాలు.

[తెర మీద: టార్పాలిన్ అంచు క్లోజప్.]

కిట్ టార్పాలిన్‌లో పెద్ద లోపం అంచు మందం. ఒక మిల్లీమీటరు అంచంటే అసలు బండిలో 35 మిల్లీమీటర్ల గుడ్డ! లోపలి వైపు నుంచి ఏటవాలుగా చెక్కి పలచన చేయండి. కొత్తగా చేసుకుంటే టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన తెల్ల జిగురు చాలు. తడిగా ఉన్నప్పుడే టార్పాలిన్‌ను మోసే కమానుల మధ్య వేలితో మెల్లగా నొక్కితే గుడ్డ జారినట్టు వస్తుంది. ఎండాక నొక్కితే చిరుగుతుంది.

అమెరికా సైనిక బండ్ల ముదురు ఆకుపచ్చ రంగైన ఆలివ్ డ్రాబ్‌ను లేత చేయడానికి తెలుపు కలపకండి, సుద్ద పూసినట్టవుతుంది. కొంచెం ఇసుక రంగు కలపండి. బండికి యాక్రిలిక్ రంగు వేస్తే పైన ఎనామెల్ వాష్, అంటే సందుల్లో నీడ కోసం పూసే బాగా పలచటి రంగు, నిశ్చింతగా వాడొచ్చు. ఎనామెల్ మీద ఎనామెల్ వాష్ వేస్తే అడుగు రంగు లేచిపోతుంది.

రంగు ఊడిన గీతలు సరుకు రాసుకునే చోటే రావాలి: వెనక తలుపు లోపలి అంచు, తొట్టి నేల, క్యాబ్ ఎక్కే మెట్టు. బానెట్ అంతా చుక్కలు పెడితే ఆ బండి పని చేసినట్టుండదు.

[తెర మీద: చక్రాల లోపలి వైపు.]

దుమ్మా, బురదా? ఫ్రాన్స్‌లో ముందుకు సాగే మిత్రరాజ్యాల సేనలకు సరుకు చేరవేసిన ట్రక్కుల సర్వీసు రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా నడిచింది. ఆగస్టు బండికి లేత దుమ్ము, నవంబరు బండికి తడి బురద. బురద వేస్తే లోపలి నుంచి బయటకు రండి. ముందు ఎండిన లేత పొర, అది ఆరాక తడి ముదురు పొర. వెనక జంట టైర్ల సందులో మట్టి తప్పకుండా ఇరుక్కోవాలి, చాలా మోడళ్లలో లోపించేది ఇదే.

విండ్‌షీల్డ్ మీద దుమ్ము స్ప్రే చేసేముందు వైపరు తుడిచే వంపు ఆకారంలో మాస్కింగ్ టేపు కత్తిరించి అంటించండి. స్ప్రే ఆరాక టేపును అద్దానికి ఆనించి పక్కకు లాగండి. నిటారుగా లాగితే అద్దమే ఊడి వస్తుంది.