ఓడ ఎక్కాలంటే లక్షలు కట్టాలా? స్టూడియో చర్చ పాఠం

మర్చంట్ నేవీ, అంటే వాణిజ్య ఓడల ఉద్యోగాల పేరుతో లైసెన్సు లేని ఏజెంట్లు డబ్బు వసూలు చేసి, యువకులను గల్ఫ్ రేవుల్లో వదిలేస్తున్నారన్న ఫిర్యాదులు ఉత్తరాంధ్రలో మళ్లీ వినిపిస్తున్నాయి. ఈ నేపథ్యంలో విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఉద్దానం ప్రాంతానికి చెందిన ఒక తండ్రి, ఒక విశ్రాంత కెప్టెన్, సముద్ర కార్మికుల సంఘం ప్రతినిధి, ప్రస్తుతం సెలవులో ఉన్న ఒక మహిళా మెరైన్ ఇంజనీర్ ఇందులో పాల్గొన్నారు. వారి పేర్లు ఇవ్వడం లేదు. నలుగురికీ సమాన సమయం ఇస్తామని వ్యాఖ్యాత మొదట్లోనే ప్రకటించారు. ఎవరికి ఎంత దక్కిందో చదివినవారికే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: నమస్కారం. మన రాష్ట్రానికి 974 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఇంత తీరం పెట్టుకొని కూడా మన పిల్లలు ఓడ ఉద్యోగం కోసం ఏజెంట్ల గుమ్మం ముందు ఎందుకు నిలబడవలసి వస్తోందన్నదే ఈరోజు ప్రశ్న. ముందుగా మీరు చెప్పండి, మీ అబ్బాయికి ఏం జరిగింది?

తండ్రి: నమస్కారమమ్మా. మావాడు ఇంటర్ పాసయ్యాక ఓడలో కింది స్థాయి సిబ్బందిగా చేరడానికి ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేశాడు. కోర్సు సక్రమమైనదే, సర్టిఫికెట్లూ అసలైనవే. కానీ ఏడాది దాటినా ఏ కంపెనీ పిలవలేదు. అప్పుడు తెలిసిన మనిషి ఒకడు వచ్చి, నాలుగున్నర లక్షలు కడితే నెల తిరక్కుండా ఓడ ఎక్కిస్తానన్నాడు. జీడితోట తాకట్టు పెట్టి కట్టాను. విజిట్ వీసా మీద పంపించాడు. అక్కడ ఎక్కించింది తుప్పు పట్టిన చిన్న ఓడ. ఏడు నెలలు ఒక్క రూపాయి జీతం లేదు, తాగే నీళ్లకు కూడా పక్క ఓడ వాళ్లను అడుక్కున్నారట. ఎలాగో తిరిగి వచ్చాడు. ఇప్పుడు నేను అడగదలచుకున్నది ఒకటే. ఓడ దిగేటప్పుడు పాస్‌పోర్టు చేతికిచ్చారు గానీ, ఓడ మీద చేసిన పని నమోదయ్యే వాడి సీడీసీ పుస్తకం మాత్రం ఏజెంటు మనిషి తీసుకున్నాడు. ఇంకో యాభై వేలు ఇస్తేనే తిరిగి ఇస్తానంటున్నాడు. అది లేకుండా వేరే కంపెనీకి...

కెప్టెన్: క్షమించాలి, నేను ఇక్కడ కలగజేసుకోవాలి. మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ విజిట్ వీసా మీద ఎవరైనా ఓడ ఉద్యోగానికి వెళతారా? ఓడ పేరు తెలియదు, ఏ దేశపు జెండాతో నడుస్తుందో తెలియదు, యజమాని ఎవరో తెలియదు, అయినా తోట తాకట్టు పెట్టారు. మన దేశంలో నావికులను ఓడలకు పంపాలంటే కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ అనే నియామక లైసెన్సు ఉండాలి. ఆ కంపెనీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పది నిమిషాల పని. ఆ పని చేయకుండా...

సంఘం ప్రతినిధి: కెప్టెన్ గారూ, ఆయన అడిగింది సీడీసీ గురించి.

కెప్టెన్: వస్తాను, అక్కడికే వస్తాను. అసలు దారి ఏమిటో ముందు తెలియాలి కదా. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఆ మూడు సబ్జెక్టుల్లో కలిపి 60 శాతం తెచ్చుకొని, ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది, దాని ప్రాంగణం మన విశాఖలోనే ఉంది. ఏడాది డీఎన్ఎస్ అనే నాటికల్ డిప్లొమా చేసినవాడు 18 నెలలు, మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ చేసినవాడు 12 నెలలు కేడెట్‌గా సీ టైమ్, అంటే ఓడ మీద పని, చేసి, సెకండ్ మేట్ అనే ఆఫీసర్ పరీక్ష రాసి, ఓరల్స్ అనే మౌఖిక పరీక్ష గట్టెక్కితే థర్డ్ ఆఫీసర్ అవుతాడు. అక్కడి నుంచి సెకండ్ ఆఫీసర్, చీఫ్ ఆఫీసర్, ఆ తరువాత మాస్టర్, అంటే కెప్టెన్. ప్రతి మెట్టుకూ సీ టైమ్ ఉంది, పరీక్ష ఉంది. నేను శిక్షణ నౌక రాజేంద్రలో చదివినప్పటి నుంచి ఇదే మెట్ల దారి. దొడ్డిదారి లేదు.

వ్యాఖ్యాత: అయితే 974 కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రానికి ఒక్క ప్రాంగణం సరిపోతుందా?

కెప్టెన్: ఆ 974 పాత లెక్కమ్మా. కేంద్ర హోంశాఖ తీరాన్ని మళ్లీ కొలిపించింది. ఇప్పుడు మన తీరం 1,053 కిలోమీటర్లు.

వ్యాఖ్యాత: చూశారా, ఇంకా పెరిగింది! అంత పొడవు తీరం ఉండి...

ఇంజనీర్: తీరం పెరగలేదండీ, కొలిచే పద్ధతి మారింది, అంతే. అయినా తీరం పొడవుకూ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదు. నాతో పనిచేసినవాళ్లలో డెహ్రాడూన్ వాళ్లున్నారు, పంజాబ్ వాళ్లున్నారు, ఇంటికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో కూడా సముద్రం లేనివాళ్లున్నారు. మేమెక్కే ఓడల మీద పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలు ఉంటాయి. విశాఖ వాడివి కాబట్టి రా అని ఏ కంపెనీ పిలవదు.

వ్యాఖ్యాత: కానీ విశాఖలో పుట్టిన పిల్లవాడికి ఓడలంటే చిన్నప్పటి నుంచీ తెలుసు కదా?

ఇంజనీర్: తెలిసింది నేవీ. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉండడం వల్ల మా ఇంటి చుట్టుపక్కల వారందరూ నన్ను ఇప్పటికీ "నేవీలో చేస్తుంది" అంటారు. ఇది సైనిక ఉద్యోగం కాదు, పెన్షన్ లేదు, కాంట్రాక్టు ముగిసిన రోజు జీతం ఆగిపోతుంది అని చెబితే మా పెద్దమ్మ నమ్మలేదు. ఏజెంట్లు సొమ్ము చేసుకునేది ఈ అయోమయాన్నే. కరపత్రం మీద తెల్ల యూనిఫాం బొమ్మ వేస్తే చాలు, ప్రభుత్వోద్యోగం అనుకుంటారు.

తండ్రి: నిజమే తల్లీ, మాకు చూపించిన కాగితం మీద కూడా అదే బొమ్మ ఉంది.

సంఘం ప్రతినిధి: నేను రెండు నిమిషాలు తీసుకుంటాను. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, సీడీసీ, వీటి ఖర్చు మాత్రమే అతను పెట్టుకోవాలి. కాబట్టి ఏజెంటు ఎంత అడిగాడన్నది కాదు, అసలు అడిగాడంటేనే అక్రమం. ఇక ఓడలో వదిలేయడం సంగతి. రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య ఐటీఎఫ్ లెక్కల ప్రకారం 2024లో 312 ఓడల మీద 3,133 మంది నావికులను యజమానులు గాలికి వదిలేశారు. వారిలో భారతీయులు 899 మంది. ఏ దేశంవారూ మనకన్నా ఎక్కువ మంది లేరు. రెండు నెలలు జీతం ఇవ్వకపోయినా వదిలేసినట్టే లెక్క. నాలుగు నెలల జీతం వరకూ బీమా ద్వారా రాబట్టే హక్కు కూడా ఆ ఒప్పందంలో ఉంది, కానీ ఆ ఓడకు బీమా ఉండాలి, ఆ జెండా దేశం ఒప్పందంలో...

కెప్టెన్: నేను చెప్పేదీ అదే కదా! బీమా లేని ఓడ ఎక్కడం ఎవరి తప్పు?

సంఘం ప్రతినిధి: పంతొమ్మిదేళ్ల కుర్రవాడు బీమా కాగితాలు చూసి ఎక్కాలంటారా?

కెప్టెన్: తప్పకుండా చూడాలి. నేను ముప్పై ఏళ్లు...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, కొన్ని వాక్యాలు స్పష్టంగా వినిపించలేదు.)

వ్యాఖ్యాత: దయచేసి ఒక్కొక్కరు. ఇంజనీర్ గారూ, అమ్మాయిల సంగతి చెప్పండి. మన తీరం అమ్మాయిలు...

ఇంజనీర్: నేను బీటెక్ మెకానికల్ చదివి, ఏడాది జీఎంఈ అనే మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు చేసి ఇంజన్ విభాగంలో చేరాను. ఎంఈఓ క్లాస్ ఫోర్ అనే ఇంజనీరు పరీక్ష పాసై ఫోర్త్ ఇంజనీర్‌గా మొదలై, ఇప్పుడు సెకండ్ ఇంజనీర్‌ని. ఇంధనాన్ని శుద్ధి చేసే ప్యూరిఫయర్ విప్పి బిగించడం నేర్చుకోవడానికి పట్టిన సమయం కన్నా, నేను విప్పగలనని పక్కవాళ్లను నమ్మించడానికి ఎక్కువ పట్టింది. తీరం అంటున్నారు కాబట్టి ఒకటి చెబుతాను. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయలుదేరి, ఇంజను పాడై, లంగరు పోగొట్టుకొని ఒడిశా తీరానికి దూరంగా కొట్టుకుపోతున్న దుర్గమ్మ అనే పడవలోని ఏడుగురు మత్స్యకారులను సంపూర్ణ స్వరాజ్య అనే ట్యాంకరు కాపాడింది. ఆ ట్యాంకరు కెప్టెన్ రాధికా మీనన్. మరుసటి ఏడాది ఆమెకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం పొందిన తొలి మహిళ ఆమే.

కెప్టెన్: చాలా గొప్ప విషయం. ఆ తుఫాను అలల్లో ట్యాంకరును చిన్న పడవ పక్కకు తేవడమంటే మామూలు మాట కాదు. ఇప్పటి పిల్లలు ఈసీడీఐఎస్ అనే ఎలక్ట్రానిక్ పటం తెర చూస్తే చాలనుకుంటారు. మా రోజుల్లో సెక్స్టెంట్ పట్టుకొని నక్షత్రాల ఎత్తు కొలిచి స్థానం లెక్కగట్టేవాళ్లం. ఇప్పటికీ సెకండ్ మేట్ ఓరల్స్‌లో అడుగుతారు, జవాబు రాదు. ఇంగ్లిష్ అయితే మరీ ఘోరం. బ్రిడ్జి మీద నలుగురు నాలుగు దేశాలవాళ్లు ఉన్నప్పుడు చుక్కాని తిప్పమనే హెల్మ్ ఆర్డరు అర్థం కాకపోతే ఓడ ఎక్కడికి పోతుంది?

వ్యాఖ్యాత: అంటే లోపం మన చదువుల్లో ఉందంటారు. తీరప్రాంత పాఠశాలల్లో...

సంఘం ప్రతినిధి: లోపం చదువులో కాదు, మొదటి బెర్తులో, అంటే ఓడలో తొలి ఉద్యోగం దొరకడంలో ఉంది. దయచేసి నన్ను పూర్తి చేయనివ్వండి. కోర్సులు పూర్తిచేసి బయటికి వచ్చేవాళ్లు ఎక్కువ, వాళ్లను మొదటిసారి ఎక్కించుకునే ఓడలు తక్కువ. అనుభవం ఉన్న ఏబీ, అంటే నైపుణ్యం గల డెక్ నావికుడు కావాలంటారు, అనుభవం ఇచ్చేవారు లేరు. ఈ పెద్దాయన కొడుకు కోర్సు చేశాడు, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు, ఏడాదికి పైగా ఎదురుచూశాడు. కెప్టెన్ గారు చెప్పిన మెట్ల దారి నిజమే, కానీ మొదటి మెట్టు దగ్గరే వరస ఆగిపోయి ఉంది. ఏజెంటు కూర్చునేది అక్కడే.

కెప్టెన్: అందుకే అంటున్నాను, జీపీ రేటింగ్‌కు పోవద్దని! ముందు కంపెనీ స్పాన్సర్‌షిప్, అంటే శిక్షణ తరువాత ఓడ ఎక్కిస్తామన్న హామీ సంపాదించాలి, తరువాతే ఫీజు కట్టాలి. అంతకన్నా ముందు డీజీ గుర్తించిన డాక్టరు దగ్గర కళ్లు చూపించుకోవాలి. డెక్ విభాగానికి చూపు 6/6 ఉండాలి, రంగుల తేడా తెలియకపోతే అసలు పనికిరారు. ఫీజంతా కట్టిన తరువాత ఈ సంగతి తెలుసుకొని ఏడ్చినవాళ్లను నేను చూశాను.

ఇంజనీర్: కళ్ల పరీక్ష ముందే చేయించుకోవాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ రేటింగ్‌లు లేకుండా ఓడ నడవదు కదండీ. రేటింగ్‌గా చేరినవాడు అక్కడే ఆగిపోవాలని కూడా లేదు. గుర్తింపు పొందిన కేడెట్ శిక్షణ లేకపోయినా, 36 నెలల సీ టైమ్‌తో ఆఫీసర్ పరీక్షకు వెళ్లే వీలును నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందమే ఇచ్చింది. నాకు తెలిసిన ఒక చీఫ్ ఆఫీసర్ ఓఎస్‌గా, అంటే అట్టడుగు డెక్ నావికుడిగా డెక్ తుప్పు గీకుతూ మొదలుపెట్టినవాడే.

కెప్టెన్: వందలో ఒకడు.

ఇంజనీర్: ఎందుకు ఒకడో అడగాలి కదా! సీ టైమ్ అంటే సీడీసీలో సైన్ ఆన్, సైన్ ఆఫ్, అంటే ఓడ ఎక్కడం, దిగడం నమోదైన రోజులు. ఈయన కొడుకు ఏడు నెలలు ఓడలో చాకిరీ చేశాడు. ఆ పుస్తకంలో ఆ నమోదు ఉందో లేదో కూడా మనం అడగలేదు. లేకపోతే జీతమే కాదు, ఆ ఏడు నెలల అనుభవం కూడా పోయినట్టే.

తండ్రి: అదేనమ్మా నేను అడుగుతున్నది. పుస్తకం ఆ ఏజెంటు దగ్గరుంది. ముద్రలు ఉన్నాయో లేవో మేం చూడనేలేదు.

సంఘం ప్రతినిధి: అయ్యా, వినండి. సీడీసీ ప్రభుత్వం మీ అబ్బాయికి ఇచ్చిన పత్రం, దాన్ని పట్టి ఉంచుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. యాభై వేలు ఇవ్వకండి. ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, దాని ప్రతితో నావికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వాధికారి షిప్పింగ్ మాస్టర్‌కు...

కెప్టెన్: పోలీసు ఫిర్యాదు ఇస్తే ఆ ఏజెంటు రేపే పరారవుతాడు. మా సర్వీసులో ఎంత మందిని చూశాం! ఇది వ్యక్తి సమస్య కాదు, మనస్తత్వం సమస్య. డాలర్లు అనగానే పరిగెత్తుతారు. ఏబీకి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస మూలవేతనం 2026 జనవరి నుంచి నెలకు 690 డాలర్లు. అంత జీతం వచ్చే ఉద్యోగానికి ఏజెంటుకు నాలుగున్నర లక్షలు కట్టడమేమిటి? మొదటి కాంట్రాక్టు సంపాదన దాదాపు అంతా వాడికే పోతుంది. లెక్క వేసుకోరా?

సంఘం ప్రతినిధి: లెక్క వేసుకునే కట్టారు. ఒకసారి ఎక్కితే అనుభవం వస్తుంది, తరువాత మంచి కంపెనీ పిలుస్తుందన్నది ఆ లెక్క. ఆ ఆశ తప్పు కాదు. మొదటి బెర్తు చూపించే బాధ్యత కోర్సు ఫీజు తీసుకున్న సంస్థ మీద ఎందుకు పెట్టరన్నది నా ప్రశ్న.

కెప్టెన్: సంస్థలు ఉద్యోగాలు తయారు చేస్తాయా? ప్రపంచంలో ఎక్కువ మంది నావికులను పంపే మొదటి ఐదు దేశాల్లో మనం ఉన్నాం. పిలిపినో కుర్రవాడితో, ఇండోనేషియా కుర్రవాడితో పోటీ పడాలి. పోటీలో నిలవలేనివాడు...

సంఘం ప్రతినిధి: పోటీ సంగతి కాదు నేను...

కెప్టెన్: ఒక్క నిమిషం, నా వాక్యం పూర్తికాలేదు. నిలవలేనివాడు వేరే ఉద్యోగం చూసుకోవాలి. ఇది చేదుగా ఉండవచ్చు, కానీ నిజం.

(స్టూడియోలోని కొందరు ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.)

వ్యాఖ్యాత: కెప్టెన్ గారు సూటిగా చెప్పారు. కానీ సింధియా కంపెనీ 1941లో ఓడల కార్ఖానా పెట్టిన ఊరు ఇది. 1948లో ఇక్కడే జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది. అలాంటి ఊరికి, ఇంత తీరానికి, రాష్ట్ర ప్రభుత్వం సొంత శిక్షణ నౌక పెడితే ఈ మోసాలు ఆగిపోవా?

ఇంజనీర్: శిక్షణ పొందినవాళ్లకే ఓడలు దొరకడం లేదని ఇంతసేపూ చెప్పుకొంటున్నాం కదండీ. ఇంకొందరికి శిక్షణ ఇస్తే వరస ఇంకా పెరుగుతుంది.

కెప్టెన్: శిక్షణ నౌక మాత్రం మంచి ఆలోచనే. నేను సమర్థిస్తాను. క్రమశిక్షణ అక్కడే వస్తుంది. తెల్లవారుజామున డెక్ కడిగించేవారు మాచేత...

వ్యాఖ్యాత: అంటే సొంత శిక్షణ నౌక అవసరమన్న విషయంలో ఏకాభిప్రాయం కుదిరిందన్నమాట.

సంఘం ప్రతినిధి: కుదరలేదు.

ఇంజనీర్: నేను ఒప్పుకోలేదు.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. చివరిగా ఒక్కొక్క వాక్యం. కెప్టెన్ గారూ?

కెప్టెన్: ఒక్క వాక్యమే చెబుతాను. లైసెన్సు చూడండి, స్పాన్సర్‌షిప్ చూడండి, కళ్లు చూపించుకోండి, ఇంగ్లిష్ నేర్చుకోండి, ఏడాదికి ఆరేడు నెలలు ఇంటికి దూరంగా ఉండగలరో లేదో మనసును అడగండి, పెళ్లిళ్లు, పండగలు, ఒక్కోసారి తల్లిదండ్రుల చివరి చూపు కూడా తప్పిపోవచ్చని ముందే తెలుసుకోండి, అప్పుడు కూడా రావాలనిపిస్తే దర్జాగా ముందు తలుపు నుంచి రండి.

వ్యాఖ్యాత: చాలా చక్కగా చెప్పారు. మిగతా ఇద్దరికీ క్షమాపణలు, విరామానికి వెళ్లవలసి ఉంది.

తండ్రి: అమ్మా, ఆ షిప్పింగ్ మాస్టర్ ఆఫీసు ఎక్కడుందో ఒక్క మాట...

వ్యాఖ్యాత: కార్యక్రమం అయ్యాక మావాళ్లు మీతో మాట్లాడతారు. 1,053 కిలోమీటర్ల తీరం, మన పిల్లల భవిష్యత్తు: ఈ చర్చ ఇంతటితో ముగిసింది. నమస్కారం.