బెల్టా, మేగజైనా?

(గుంటూరులో ఎన్‌సీసీ కేడెట్లు, మాజీ సైనికుల ముందు పదాతిదళంలో పనిచేసి రిటైరైన ఒక జేసీవో, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. కేడెట్లూ, జైహింద్.

ఆయుధాల గురించి ఏదైనా చెప్పమన్నారు. ఏదైనా అంటే తెల్లారిపోతుంది కాబట్టి ఒక్క తుపాకీ తగాదా పట్టుకొచ్చాను. అమెరికా మెరీన్లు 2010-11 ప్రాంతంలో తమ సెక్షన్లలోంచి, అంటే పదిమందికి అటూఇటూ ఉండే చిన్న దళాల్లోంచి, తూటాలు పట్టీలా గుచ్చిన బెల్టుతో కాల్చే ఎల్‌ఎంజీని (తేలికపాటి మెషిన్ గన్‌ని) తీసేసి, మేగజైను అనే తూటాల డబ్బీ తగిలించే ఒక ఆటోమేటిక్ రైఫిల్ చేతికిచ్చారు. తీసేసింది ఎం249, ఇచ్చింది ఎం27. పదేళ్లు తిరక్కుండా మన సైన్యం దీనికి పూర్తి ఎదురుదారి పట్టి, మేగజైను నుంచి బెల్టుకి మళ్లింది. మతి ఉండే ఇద్దరూ ఆ పని చేశారని నా అభిప్రాయం. ఎలాగో చెబుతాను.

ముందు బరువు సంగతి. ఎం249 ఉత్తదే ఏడున్నర కిలోలు. రెండొందల తూటాల బెల్టు తగిలిస్తే పదికి చేరుతుంది. ఎం27 జర్మనీ వాళ్ల హెక్లర్ అండ్ కోక్ 416 రైఫిల్‌కి దగ్గరి చుట్టం, మూడున్నర కిలోల పైచిలుకు. అయితే సగం బరువు తగ్గిపోయిందని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. ఆరొందల తూటాలు మూడు బెల్టులుగా మోసినా, ఇరవై మేగజైన్లుగా మోసినా తొమ్మిది కిలోలు దాటుతుంది. తగ్గింది తుపాకీ బరువే, తూటాలది కాదు.

ఆ నాలుగు కిలోలకే ఇంత రాద్ధాంతమా అంటారేమో. మన మిర్చి యార్డులో టిక్కీ, అదే మిర్చి బస్తా, మోసే హమాలీకి ఎక్కడ దించాలో తెలుసు. గన్నర్‌కి తెలీదు. గోడ దూకాలి, మెట్లెక్కాలి, దుమ్ములో పడుకోవాలి, మళ్లీ లేవాలి. మెరీన్ల సెక్షన్‌లో పదముగ్గురు: ఒక లీడరు, నలుగురేసి మూడు జట్లు. ప్రతి జట్టులో ఒకడి చేతిలో ఈ గన్ను. వాడు వెనకపడితే జట్టంతా వెనకపడ్డట్టే. పైగా పొడుగాటి గన్ను, కింద పెట్టె, వేలాడే బెల్టు చూసి అవతలివాడు ముందు వాణ్ణే ఎంచుకుంటాడు. ఎం27 పట్టుకున్నవాడు మిగతావాళ్లలో కలిసిపోతాడు.

ఇప్పుడు తూటాను లోపలికి తోసి వెనకనుంచి మూసే బోల్టు దగ్గరికి రండి. మీరు క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చారు కదా. బోల్టు మూసి, తూటా లోపల కూర్చున్నాకే గురి చూస్తారు. ఎం249లో అలా కాదు. బోల్టు వెనక్కి లాగి ఉంటుంది, తూటా కూర్చునే చాంబర్ ఖాళీ. ట్రిగ్గర్ నొక్కగానే ఆ ఇనుప ముద్ద ముందుకు దూకి, తూటాను తోసుకెళ్లి పేలుస్తుంది. ఆ కుదుపుకి మొదటి తూటా గురి చెదురుతుంది. ఎం27 మామూలు రైఫిల్‌లాగా మూసిన బోల్టుతో కాలుస్తుంది కాబట్టి మొదటి తూటాయే మీరు చూసినచోట పడుతుంది. మెరీన్లు మెచ్చింది దీన్నే. మరి తెరిచిన బోల్టు ఎందుకు పెట్టారయ్యా అంటే, కాల్పులు ఆగిన మరుక్షణం గొట్టంలోకి గాలి వెళుతుంది, ఎర్రగా కాలిన చాంబర్లో తూటా ఉండదు, దానంతటది పేలే ప్రమాదం తప్పుతుంది. ఎం249కి వేడెక్కిన బ్యారెల్ తీసి ఇంకోటి తగిలించొచ్చు. ఎం27కి యుద్ధం మధ్యలో ఆ వీలు లేదు.

బెల్టు మార్చడం దగ్గర్నుంచి చూడండి. బోర్లా పడుకుని ఉన్నారు. మూత పైకెత్తాలి, మిగిలిన లింకులు దులపాలి, కొత్త బెల్టు పళ్లెంలో సరిగా పరచాలి, మూత కొట్టాలి. రెండు చేతులూ అక్కడే ఉంటాయి, తల కాస్తయినా లేవాల్సిందే. బెల్టు నేలకి తగిలి ఇసుక పట్టిందా, రెండో విడత కాల్పులకే ఇరుక్కుంటుంది. మేగజైనైతే కళ్లు శత్రువు మీదే ఉంచి, తడుముకుని మార్చేయొచ్చు. ఇంతవరకూ మెరీన్లదే పైచేయి.

నాకు మింగుడుపడనిది వాళ్ల పక్షం వాళ్లు చెప్పే తర్వాతి మాట. గురిగా కాల్చే పది తూటాలు, గురిలేని వంద తూటాల పని చేస్తాయంటారు. అవతలివాడు కనబడితే నిజమే. కనబడకపోతే? చెట్ల వరసలోంచో, గోడ చాటునుంచో కాలుస్తుంటే మనం గురిపెట్టేది మనిషికి కాదు, ఆ తావుకి. తల పక్కనుంచి పోయే తూటా ధ్వనివేగం దాటి చెళ్లుమంటుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తున్నంతసేపే వాడు తల వంచుకుని ఉంటాడు. ఆగిందంటే లేస్తాడు. ముప్పై తూటాల మేగజైను ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే మూడు సెకన్లలోపే ఖాళీ. అందుకని రెండేసి, మూడేసి వదులుతారు, అయినా మార్చుకునే ఖాళీ ఉండనే ఉంటుంది. ఆ ఖాళీలోనే మన రైఫిల్ గ్రూప్, అంటే సెక్షన్‌లో మిగతావాళ్లు, ముందుకు పరిగెడుతుంటుంది మరి.

బ్రిటన్‌కి ఇది అనుభవమే. 1980లలో వాళ్లు మేగజైనుతో కాల్చే ఎల్86ని సెక్షన్లకిచ్చారు. గురి బ్రహ్మాండం, ధార లేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నాటికి బెల్టుతో నడిచే మినిమీ కొనుక్కున్నారు. మినిమీ అంటే ఎం249కి మూలమైన గన్నే. 2018లో మళ్లీ దాన్నీ సెక్షన్లలోంచి తీసేస్తామన్నారు. అటూ ఇటూ ఊగడం చూశారుగా!

మెరీన్లు మాత్రం తెలివిగా ఎం249లను పారేయలేదు. కంపెనీ, అంటే చాలా సెక్షన్లు కలిసిన పెద్ద దళం, చేతిలో కొన్ని ఉంచారు, కమాండర్‌కి కావాలంటే తీసిస్తాడు. వీటికంటే బరువైన, 7.62 మిల్లీమీటర్ల లావు తూటా కాల్చే గన్నులు ఎలాగూ ఉన్నాయి. ఎం27 బాగుందని అందరూ చెప్పుకునేటప్పుడు ఈ ముక్క వదిలేస్తారు. వెనక బెల్టు గన్నులు కాస్తుంటేనే ముందున్నవాడు తేలిగ్గా పరిగెత్తగలడు. తర్వాత వాళ్లు అదే రైఫిల్‌ని సెక్షన్‌లో మిగతావాళ్లకీ ఇవ్వడం మొదలుపెట్టారు.

మన దగ్గరికొస్తే, బ్రెన్ గన్ కాలంనుంచీ మనది మేగజైను సంప్రదాయమే. మన దేశంలోనే తయారైన ఇన్సాస్ ఎల్‌ఎంజీ కూడా ముప్పై తూటాల మేగజైనుదే, ఇన్సాస్ రైఫిల్‌కి అన్నలాంటిది. అంటే మెరీన్లు కొత్తగా చేరిన చోట మనం ఎప్పుడో కూర్చుని ఉన్నాం. 2020 మార్చిలో ఇజ్రాయెల్ నుంచి 16,479 నెగెవ్ ఎల్‌ఎంజీలకు ఒప్పందం కుదిరింది, సుమారు 880 కోట్లు. బెల్టు గన్ను, 7.62 తూటా, ఏడున్నర కిలోల పైమాటే. తేలిక కాదు, దూరమూ దెబ్బా కావాలనుకున్నారు. లోయకి అవతలి గట్టుమీద శత్రువు పోస్టు ఉన్నప్పుడు ఇన్సాస్, ఎం27 లాంటివి కాల్చే సన్నటి 5.56 తూటా అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. బంకర్‌లో కూర్చుని కాపలా కాసే గన్నుకి నాలుగు కిలోలు ఎక్కువైతే ఏం? అదే గన్ను భుజాన వేసుకుని కొండెక్కే కుర్రాణ్ణి అడిగితే మాత్రం వేరే జవాబు చెబుతాడు, అది కూడా వినాల్సిందే.

అమెరికా ఆర్మీ ఇంకో దారి చూసుకుంది. 2022లో సిగ్ సావర్ వాళ్ల బెల్టు గన్ను ఎంచుకుంది, సుమారు ఆరు కిలోలు. బెల్టు వదల్లేదు, గన్ను బరువు తగ్గించారు. కాకపోతే దాని 6.8 తూటా పాతదానికంటే బరువు. తుపాకీ మీద మిగిల్చింది తూటాల మీద ఖర్చయిపోతుంది.

నన్ను అడిగితే మన పదిమంది సెక్షన్‌లో ఒక్క బెల్టు గన్ను ఉండాలి. దానికి నంబర్ టూ, అంటే గన్నర్‌కి సాయపడే మనిషి, గట్టివాడై ఉండాలి. ఊళ్లలో, ఇళ్ల మధ్య వెతుకులాటకి వెళ్లేరోజు దాన్ని వెనక ఉంచి తేలికైనది పట్టుకెళ్లే అధికారం సెక్షన్ కమాండర్‌కే ఇవ్వాలి. దీనికి ఒప్పుకోనివాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, సుబేదార్ సాబ్ ఇందాకట్నుంచీ తల అడ్డంగా ఊపుతున్నారు. ముందు ఆయన మాట్లాడాక, మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయి అడుగుతుంది.