దిగబడిన ట్రాక్టరుకు దుంగ కట్టకండి

శ్రోతలకు నమస్కారం.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు, జూరాల కింద వనపర్తి, గద్వాల వైపు, ఊరూరా చెరువుల కింద, బోర్ల కింద, యాసంగి నాట్ల కోసం పొద్దున మొదలైన కరిగెట, అంటే నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నే పని, రాత్రి లైట్ల వెలుగులో కూడా సాగుతున్న రోజులివి. ట్రాక్టరుతో వచ్చే ప్రమాదాల గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది. కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని కాలువ కట్టల మీద నడపడం ఎంత ఘోరానికి దారి తీస్తుందో 2018లో వద్దిపట్ల దగ్గర, లక్ష్మాపురం దగ్గర ట్రాక్టర్లు కాలువల్లో పడి కూలీలు చనిపోయినప్పుడు మనం చూశాం. నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది సార్లు తిరిగే రోటవేటర్ (ట్రాక్టరు వెనుక తగిలించి మట్టిని కలియదున్నే యంత్రం) షాఫ్టుకు కండువా కొస చిక్కితే చేయి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. అయితే ఈ రోజు నాకిచ్చిన సమయమంతా ఒక్క విషయానికే వినియోగిస్తాను. అది, పొలంలో దిగబడిన ట్రాక్టరును బయటికి తీసే పద్ధతి.

కొన్నేళ్ళ కిందట, ఇటువంటి యాసంగిలోనే, మా మేనమామ పొలంలో కరిగెట చేస్తున్న ట్రాక్టరు సాయంత్రం వేళ దిగబడింది. కుడి వైపు ఇనుప చక్రం ఇరుసు దాకా బురదలో కూరుకుపోయింది. డ్రైవరు పాతికేళ్ళ యువకుడు, పనిమంతుడు. ఇంకా రెండు పొలాలు ఒప్పుకుని ఉన్నాడు. గట్టు మీద పడి ఉన్న వేప దుంగను తెచ్చి, వెనుక చక్రాల ముందు అడ్డంగా పెట్టి, రెండు చక్రాలకూ గొలుసుతో బిగించాడు. పక్క పొలం ట్రాక్టరును పిలుద్దామని మా మామ అంటే, "ఒక్క గుంజుడుకు ఎల్తది మామా" అని సీటెక్కాడు. ఎక్సలేటర్ పెంచి క్లచ్ వదిలాడు. ముందు చక్రాలు పైకి లేచాయి. లేచినవి లేచినట్టే, ఎవరూ అరవకముందే, ట్రాక్టరు వెనక్కి తిరగబడింది.

పక్క మడిలో నాటు వేస్తున్న ఆడవాళ్ళు నారు కట్టలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. బురద మోకాలి లోతే. ఆ మోకాలి లోతు బురదే అతని ముఖం మీదికి వచ్చింది. ఒకావిడ అతని గదవ కింద రెండు చేతులూ పెట్టి తల పైకెత్తి పట్టుకుంది, మిగిలినవాళ్ళు ముక్కు చుట్టూ, నోటి చుట్టూ బురదను దోసిళ్ళతో తోడిపోశారు. జేసీబీ వచ్చేదాకా, దాదాపు ముప్పావు గంట, ఆవిడ చేతులు తీయలేదు. అతను బతికాడు. తుంటి ఎముక విరిగింది, మళ్ళీ క్లచ్ తొక్కే కాలు రాలేదు.

ఎందుకు తిరగబడింది? ఇంజన్ బలం వెనుక ఇరుసును తిప్పుతుంది. చక్రం తిరగగలిగితే బండి ముందుకు కదులుతుంది. దుంగ అడ్డుపడి చక్రం బిగుసుకుపోతే, ఆ బలం ట్రాక్టరు ముందు భాగాన్నే ఇరుసు చుట్టూ పైకి తిప్పుతుంది. ఎద్దుల బండిలో వెనుక బరువు ఎక్కువైనప్పుడు కాడి గాలిలోకి లేవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ లేచేది రెండు టన్నుల ఇనుము. లేవడం మొదలైన తరువాత సెకను కూడా గడవకముందే ఆపలేని స్థితి వచ్చేస్తుంది, కాబట్టి "లేస్తే క్లచ్ తొక్కుతాను" అనే ధైర్యం పనికిరాదు. ఎండ కోసం సన్నని పైపులతో బిగించుకున్న పందిరి కూడా ఆ బరువును ఆపదు. ఆపగలిగేది కంపెనీ బిగించిన గట్టి ఇనుప చట్రం, దానితో పాటు నడుముకు పెట్టుకున్న బెల్టు. మన పొలాల్లో ఆ రెండూ అరుదుగా కనిపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మరి దిగబడితే ఏం చేయాలి? చక్రం ఒకేచోట తిరుగుతోందని తెలియగానే ఆపండి, ఇంకా తిప్పితే ఇంకా దిగుతుంది. రోటవేటర్ తిరగడం ఆపి, దానిని పైకెత్తండి. ఇంజన్ ఆపి, దిగి, చక్రాల వెనుక బురదను పారతో తీసి, రివర్సులో మెల్లగా వెనక్కి రండి. రివర్సులో అదే బలం ముందు చక్రాలను నేలకు నొక్కుతుంది కనుక ముందు భాగం లేవదు. రాకపోతే మరో ట్రాక్టరును పిలవండి. లాగే ట్రాక్టరుకు గొలుసును కింది హుక్కుకే తగిలించాలి. టాప్ లింకుకో (పనిముట్టును పట్టి ఉంచే పై కడ్డీ), ఇరుసుకో, సీటు కిందో తగిలిస్తే అప్పుడు లాగే ట్రాక్టరే వెనక్కి లేస్తుంది. గొలుసు తెగితే కొరడాలా వస్తుంది, పిల్లలను, చూసేవాళ్ళను గట్టు అవతలికి పంపండి.

పొలం యజమానులకు కూడా ఒక విన్నపం. డ్రైవరు దుంగ వెతకడానికి వెళ్ళేది చాలాసార్లు మన తొందర వల్లనే. గంట లెక్కన డబ్బులిచ్చేటప్పుడు దిగబడిన గంటను కోసేస్తే అతను ఆగడు. ఆ గంట డబ్బు కూడా ఇస్తానని ముందే చెప్పండి. ఆ రోజు మా మామ ఆ మాట అనలేదు. ఇప్పుడు ట్రాక్టరు మడిలో దిగకముందే అంటున్నాడు.