ఉక్కపోతకు ఎన్ని టన్నులు?

శ్రోతలకు నమస్కారం. ఇరవై ఏళ్లుగా విశాఖపట్నంలో ఇళ్లకు ఏసీలు బిగిస్తూ, బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. ఈ ఇరవై ఏళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మా గదికి ఒక టన్ను చాలా, ఒకటిన్నర కావాలా?"

ఒకసారి ఒక పెద్దాయన, "ఒకటిన్నర టన్ను అంటున్నావు, మా గోడ ఆపుతుందా బాబూ?" అని అడిగారు. అందులో నవ్వడానికేం లేదు. టన్ను అంటే ఎవరికైనా బరువే గుర్తొస్తుంది. నిజానికి ఈ లెక్క ఐసు నుంచి వచ్చింది. మన ఫిషింగ్ హార్బరుకు పొద్దున్నే వెళ్తే చూడొచ్చు, ఐసు దిమ్మల్ని మరలో వేసి పొడి చేసి బోట్లలోకి ఎక్కిస్తుంటారు. అలాంటి ఐసు ఒక టన్ను, అది అమెరికా టన్ను కాబట్టి 907 కిలోలు, 24 గంటల్లో కరిగి నీరు కావడానికి ఎంత వేడిని లాక్కుంటుందో, అంత వేడిని గదిలోంచి బయటికి తోసేస్తే అది ఒక టన్ను ఏసీ. వాట్లలో చెప్పాలంటే సుమారు 3,500. యంత్రం బరువుకూ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. ఎంవీపీ కాలనీలో మా అక్కావాళ్ల ఫ్లాటు. ఐదంతస్తుల్లో మూడోది, పైన వేరేవాళ్ల ఇల్లు, పడమటి వైపు పక్క అపార్టుమెంటు నీడ. పడగ్గది 12 అడుగులకు 11. "ఒకటిన్నర వేద్దాం బావా" అన్నాను. "ఎందుకైనా మంచిది, రెండు వేసెయ్యి" అన్నారు బావ. మొహమాటపడి వేసేశాను. కంప్రెసర్ వేగాన్ని తనే తగ్గించుకునే ఇన్వర్టర్ రకం ఏసీలు అప్పటికింకా ఇంతగా రాలేదు. వారం తిరక్కుండా అక్క ఫోను. "గది చల్లగానే ఉంది గానీ, ఒళ్లంతా జిడ్డు జిడ్డుగా ఉంటాదేట్రా? దుప్పటి కూడా తడి తడిగా ఉంది!"

వెళ్లి డ్రెయిన్ పైపు కింద బకెట్టు పెట్టి గంటసేపు కూర్చున్నాను. జూన్ నెల, బయట గాలిని పిండితే నీళ్లొచ్చేలా ఉంది. బకెట్లో మాత్రం అడుగు తడిసిందంతే. ఏసీ పది నిమిషాల్లో గదిని చల్లార్చేయడం, కంప్రెసర్ ఆగిపోవడం, మళ్లీ కాసేపటికి లేవడం. గాల్లో తేమ ఏసీ లోపలుండే చల్లటి గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద పట్టి, బొట్లుగా కారి, పైపులోంచి బయటికి పోవాలంటే కంప్రెసర్ కాస్త ఎక్కువసేపు ఆగకుండా తిరగాలి. కంప్రెసర్ ఆగి ఫ్యాను తిరుగుతుంటే, కాయిల్ మీద పట్టిన ఆ కాస్త తడీ మళ్లీ గదిలోకే వస్తుంది.

మన ఊరి సంగతి ఇదే. విజయవాడలా 43, 44 డిగ్రీలు ఇక్కడ అరుదు. మనల్ని చంపేది సముద్రపు ఉక్క. గంటకు ఒక లీటరు తేమను గాల్లోంచి నీరుగా దింపడానికి ఇంచుమించు 680 వాట్ల చల్లదనం ఖర్చవుతుంది. అంటే ఒక టన్ను ఏసీలో ఐదో వంతు దానికే పోతుంది. అందుకని మరీ చిన్నది కొంటే అది రాత్రంతా ఆయాసపడుతూనే ఉంటుంది. మరీ పెద్దది కొంటే మా అక్క దుప్పటి గతే.

మరి కొలత ఎలా? టేపు అక్కర్లేదు. మీ గదిలో పెద్ద టైల్సు ఉంటే, చాలా ఇళ్లలో అవి 2 అడుగులకు 2. పొడవునా ఎన్ని, వెడల్పునా ఎన్ని అని లెక్కపెట్టుకోండి. ఆరు, ఐదు వచ్చాయనుకోండి, 12 అడుగులు ఇంటూ 10, మొత్తం 120 చదరపు అడుగులు. మామూలు పదడుగుల ఎత్తు గదికి మేం వాడే మోటు లెక్క ఇది. 120 దాకా ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర, ఆపైన రెండు. హాలుకు, వంటగదికి మధ్య తలుపు లేకపోతే వంటగది టైల్సు కూడా కలపాల్సిందే. స్టవ్ ఎక్కడ వెలిగినా ఆ వేడి ఏసీ ఖాతాలోనే పడుతుంది. ఒక మనిషి ఊరికే కూర్చున్నా సుమారు 100 వాట్ల వేడి ఇస్తాడు. పండక్కి పదిమంది చుట్టాలొస్తే చూసుకోండి.

ఈ మోటు లెక్కను తారుమారు చేసేది స్లాబు. పై అంతస్తు వాళ్లకు నేను చెప్పే పరీక్ష ఒకటుంది. మే నెలలో సాయంత్రం ఆరింటికి మేడ మీదకెళ్లి చెప్పులు విప్పి నిలబడండి. కాలు పెట్టలేకపోతున్నారంటే ఆ వేడి అర్ధరాత్రి దాకా కింద గదిలోకి దిగుతూనే ఉంటుంది. అప్పుడు టన్నుల లెక్కలో ఒక మెట్టు పైకెళ్లండి. పడమటి గోడకు నీడ లేకపోయినా అంతే. అయితే అంతకన్నా ముందు స్లాబు మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేయించి చూడమంటాను. పెయింటుకు కరెంటు బిల్లు రాదు.

షోరూములో స్టార్ల స్టిక్కరు చూస్తారు కదా, దాని మీద చల్లబరిచే సామర్థ్యం వాట్లలో రాసి ఉంటుంది. అందరూ చూడాల్సింది అదే, ఎవరూ చూడరు. అసలైన ఒకటిన్నర టన్ను అంటే దాదాపు 5,270 వాట్లు. ఒకటిన్నర పేరుతో 4,800 ఉన్నవీ అమ్ముతారు, 5,200 ఉన్నవీ అమ్ముతారు. పక్కపక్కనే ఉంటాయి, ధర తేడా ఎందుకో అర్థం కాదు. పైగా ఆ అంకె బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. అవుట్‌డోర్ యూనిట్‌ను గాలాడని డక్టులో ఇరికిస్తే, అది వదిలిన వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. ఇక స్టిక్కరు మీది సామర్థ్యం స్టిక్కరు మీదే ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు వాళ్లు రాగి కాయిల్, దాని మీద తుప్పు పట్టని పూత ఉన్నదే అడగండి. ఉప్పుగాలికి మొహమాటం లేదు.

ఇన్వర్టర్ ఏసీ వచ్చాక సైజు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగకుండా నెమ్మదిస్తుంది, తేమా బాగానే తీస్తుంది. కానీ ఎంత నెమ్మదించినా దానికీ ఒక హద్దుంది. చిన్న గదిలో రెండు టన్నులు పెడితే ఇన్వర్టరైనా ఆగి ఆగి నడవాల్సిందే.

అక్కావాళ్ల రెండు టన్నులు తర్వాత హాల్లోకి మార్చేశాను. పడగ్గదిలో ఒకటిన్నర పెట్టాక ఉక్కగా ఉన్న రాత్రుల్లో బకెట్టు నిండుతోంది. ఆ నీళ్లు అక్క కరివేపాకు మొక్కకు పోస్తోంది. కరెంటు పోతే వాడుకునే ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తానంటే మాత్రం వద్దన్నాను. కాయిల్ మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది.

మొన్న ఏప్రిల్లో అక్క కొడుకు మధురవాడలో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. "మావయ్యా, టైల్సు ఐదుకు ఐదు. 100 చదరపు అడుగులు. ఒక టన్ను కొనేస్తున్నా" అన్నాడు. ఎన్నో అంతస్తన్నాను. "పైదే. మేడ మన చేతిలోనే ఉంటుంది కదా!"

సాయంత్రం మేడెక్కి చెప్పులు విప్పమన్నాను. ఆరుంపావుకు ఫోన్ చేశాడు.

"ఒకటిన్నరే తీసుకుంటాను మావయ్యా" అన్నాడు.